ఎక్స్‌పర్ట్ టాక్‌లపై తరచుగా అడిగే ప్రశ్నలు: నల్లగొండ, పాలమూరు ఇంజినీరింగ్ విద్యార్థుల కోసం

మా ఈసీఈ డిపార్ట్‌మెంట్‌లో ఎక్స్‌పర్ట్ టాక్‌లు, అంటే బయటి నిపుణుల్ని పిలిచి మాట్లాడించే కార్యక్రమాలు, చూసుకునే పని నాకు అప్పగించి ఎనిమిదేళ్లవుతోంది. నోటీసు బోర్డు మీద సర్క్యులర్ పడితే చాలు, మధ్యాహ్నానికల్లా స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర అవే డౌట్లు. టాక్ అయిపోయాక ఇంకో విడత. పక్క కాలేజీల్లో ఈ పని చూసే మిత్రుల ఫోన్లు వీటికి అదనం. ఒకే జవాబు ఎన్నిసార్లని చెప్తాం? అందుకే ఇలా రాసి పెట్టాను. వరసగా చదవక్కర్లేదు, మీ ప్రశ్న ఎక్కడుంటే అక్కడికే వెళ్లండి.

## సర్క్యులర్ చూశాక

మిడ్ ఎగ్జామ్స్ దగ్గరికొచ్చాయి. టాక్‌కి రాకపోతే నడవదా సార్?

నడుస్తుంది. అటెండెన్స్ కోసం వచ్చి, వెనక బెంచీలో ఫోన్ చూసుకుంటూ కూర్చునేట్టయితే లైబ్రరీకి పోవడమే మేలు. కాకపోతే ఒక్క సంగతి గుర్తుంచుకోండి. సిలబస్ కొన్నేళ్లకోసారి మారుతుంది. ఈలోగా పరిశ్రమలో వచ్చిన మార్పు పుస్తకంలోకి ఎక్కదు, దాన్ని రోజూ చేతులతో చేసేవాళ్లే చెప్పాలి. కాబట్టి టాపిక్ చూసి నిర్ణయించుకోండి. బ్యానర్ మీద ‘రీసెంట్ అడ్వాన్సెస్’ అని మాత్రమే ఉండి, దేనిలో అడ్వాన్సో రాయకపోతే కోఆర్డినేటర్‌ని అడగండి. ఆయన కూడా చెప్పలేకపోతే ఆ టాక్ మానేసినా పోయేదేమీ లేదు.

పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఆయన ఇంగ్లీష్‌లో గడగడా చెప్తే అర్థమైతదా?

మొదటి పది నిమిషాలు అర్థం కాదు. అది మీ ఒక్కరికే కాదు, మీ పక్కన తల ఊపుతున్నవాడికీ అంతే. కొత్త గొంతు, కొత్త యాస, వేగం, వీటికి చెవి అలవాటు పడాలి. ఇంగ్లీష్ కంటే పెద్ద అడ్డంకి పదాలది. ‘లేటెన్సీ’, ‘త్రూపుట్’, ‘ప్యాకేజింగ్’, ‘ఇన్ఫరెన్స్’ లాంటి ఓ పదిహేను మాటలు ముందే తెలిసుంటే మిగతా వాక్యాన్ని ఊహించుకోవచ్చు. లేటెన్సీ అంటే అడిగినప్పటి నుంచి జవాబు వచ్చేదాకా పట్టే ఆలస్యం. త్రూపుట్ అంటే సెకనుకు ఎంత పని బయటికొస్తుందో ఆ లెక్క. బస్సు నల్లగొండ నుంచి దిల్‌సుఖ్‌నగర్ చేరడానికి పట్టే టైమ్ లేటెన్సీ, రోజుకు ఎంతమందిని చేరవేసిందనేది త్రూపుట్. బస్సులు పెంచితే రెండోది పెరుగుతుంది, మొదటిది అంతే ఉంటుంది. ఇంత తెలిస్తే ప్రాసెసర్ల మీద సగం టాక్ మీదే.

ముందు రోజు ఏం చదువుకొని రావాలి?

అరగంట చాలు. టాపిక్ పేరుతో ఒక ఎన్‌పీటీఈఎల్ (ఐఐటీల ఆన్‌లైన్ పాఠాలు) కోర్సు మొదటి పాఠం చూడండి. చూడటానికి డబ్బు కట్టక్కర్లేదు, పరీక్ష రాస్తేనే ఫీజు. కొన్ని కోర్సుల పాఠం తెలుగులో అచ్చు రూపంలోనూ దొరుకుతుంది. తర్వాత నోట్‌బుక్‌లో ఒక్క ప్రశ్న రాసుకోండి. ఒక్కటే. ఆ ప్రశ్నకు జవాబు దొరుకుతుందా అని ఎదురుచూస్తూ వినడం వేరు, ఊరికే కూర్చొని వినడం వేరు.

నేను ఈఈఈ. సీఎస్ఈ వాళ్ల టాక్‌లో నాకేం పని?

డేటా సెంటర్ కరెంట్, బ్యాటరీ మేనేజ్‌మెంట్, స్మార్ట్ మీటర్ అని ఉంటే తప్పకుండా రండి. ఏఐ కంపెనీలకు ఇప్పుడు పట్టుకున్న పెద్ద తలనొప్పి కోడ్ కాదు, కరెంటూ కూలింగే. కేవలం వెబ్ ఫ్రేమ్‌వర్క్ గురించైతే మానేయండి.

డిప్లొమా వాళ్లు రావచ్చా?

మా దగ్గర రావచ్చు. మీ ప్రిన్సిపల్ నుంచి ఒక లెటర్ తెచ్చుకోండి. సోల్డరింగ్, వైరింగ్ విషయాల్లో బీటెక్ పిల్లల కంటే మీరే మంచి ప్రశ్నలు అడుగుతారని చాలాసార్లు చూశాను.

## హాల్లో కూర్చున్నాక

ఇంగ్లీష్‌లో అడగడం రాదు. తెలుగులో అడిగితే నవ్వుతారేమో?

ఒక ముచ్చట చెప్తాను. సెన్సర్ల మీద టాక్. వచ్చినాయన గంటసేపు చెప్పి ‘ఎనీ క్వశ్చన్స్’ అన్నారు. హాలంతా నిశ్శబ్దం. చివరి బెంచీ నుంచి దేవరకొండ వైపు పిల్లాడు లేచి తెలుగులోనే అడిగాడు. “సార్, మా బోరు మోటార్‌కి ఒక ఫేజ్ పోయి, రెండు ఫేజుల మీద నడిచి వైండింగ్ కాలింది. రెండుసార్లు. మీరు చెప్పిన సెన్సర్ అది కనిపెట్టి మోటార్ ఆపేలోపు ఎంత టైమ్ పడుతది? ఆలోపే కాలిపోతే?”

ముందు రెండు వరసల్లో నవ్వారు. ఆయన నవ్వలేదు. స్టేజీ దిగి బోర్డు దగ్గరికెళ్లి మూడు గీతలు గీశారు. ఒక్కో గీత మీద ఒక కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్, అంటే ఆ లైన్‌లో కరెంట్ ఎంతో కొలిచేది. “మన దగ్గర 50 హెర్ట్జ్ కాబట్టి ఒక సైకిల్ 20 మిల్లీసెకన్లు. ఒక లైన్‌లో కరెంట్ సున్నా అయిందని ఒకటి రెండు సైకిళ్లలోనే తెలిసిపోతుంది. కానీ వెంటనే ఆపం. కావాలనే కొన్ని సెకన్లు ఆగుతాం. ఎందుకో చెప్పు?” పిల్లాడు ఆలోచించి, “మోటార్ ఎక్కేటప్పుడు కరెంట్ ఎగబడుతది కదా సార్, అందుకా?” అన్నాడు. అదే. స్టార్ట్ అయ్యేటప్పుడు మోటార్ మామూలు కరెంట్‌కి అయిదారు రెట్లు లాగుతుంది, లైన్‌లో చిన్న చిన్న కుదుపులూ ఉంటాయి. వాటికల్లా ఆగిపోతే పొలానికి నీళ్లు పారవు. వైండింగ్ వేడెక్కి కాలడానికి అంతకంటే ఎక్కువ టైమ్ పడుతుంది, ఆ రెంటి మధ్య ఉన్న ఖాళీలోనే డిజైన్ అంతా. తర్వాత ఇరవై నిమిషాలు ఆ ఒక్క ప్రశ్న మీదే నడిచింది. ముందు వరసలో నవ్వినవాళ్లు బోర్డు ఫోటో తీసుకున్నారు.

తెలుగులో అడగండి. వచ్చినాయనకు తెలుగు రాకపోతే మాలో ఎవరో ఒకరం మైక్ అందుకొని చెప్తాం, మేం ఉన్నదే అందుకు.

స్లైడ్స్ ఫోటో తీసుకుంటే సరిపోదా, నోట్స్ ఎందుకు?

మీ గ్యాలరీలో పోయినసారి టాక్ ఫోటోలు ఎన్నున్నాయో, వాటిలో మళ్లీ తెరిచినవి ఎన్నో ఒకసారి చూసుకోండి. స్లైడ్స్ ఎలాగూ అడిగితే పంపిస్తారు. మీరు రాసుకోవాల్సింది స్లైడ్‌లో లేనిది: నోటిమాటగా చెప్పిన అంకె, “మేం ఇక్కడ దెబ్బతిన్నాం” అని చెప్పిన సంగతి, తెలియని పదం. ఈ మూడూ ఉంటే ఒక పేజీ చాలు.

మధ్యలో లేచి పోవచ్చా? లాస్ట్ బస్సు ఉంది.

పోవచ్చు. వెనక తలుపు పక్కన కూర్చోండి. మునుగోడు, నాంపల్లి, చండూరు వైపు పోయేవాళ్ల కష్టం మాకు తెలుసు.

## విన్న విషయం మీద వచ్చే డౌట్లు

మేం 8086, 8051 చదువుతుంటే ఆయన 3 నానోమీటర్లు అంటున్నారు. మా సిలబస్ అంత పాతదా?

చిప్ పాతదే. 8086 ప్రాసెసర్ వచ్చింది 1978లో, 8051 మైక్రోకంట్రోలర్ వచ్చింది 1980లో. కానీ రిజిస్టర్, ఇంటరప్ట్, టైమర్, అడ్రస్ బస్ అనే ఆలోచనలు పాతబడలేదు. ఇవాళ మీరు ప్రాజెక్టులో వాడే ఈఎస్‌పీ32 బోర్డులో ఉన్నవీ ఆ టైమర్లే, ఆ ఇంటరప్ట్‌లే. 8051లో ఇంటరప్ట్ ఎందుకు వస్తుందో తెలిసినవాడు దీన్ని వారంలో పట్టుకుంటాడు, తెలియనివాడు లైబ్రరీ ఫంక్షన్లు కాపీ కొడుతూనే ఉంటాడు.

పెరిగిందల్లా లెక్క. 1971లో వచ్చిన ఇంటెల్ 4004లో 2,300 ట్రాన్సిస్టర్లు. 2020లో యాపిల్ తెచ్చిన ఎం1లో 1,600 కోట్లు. మధ్యలో గడిచింది యాభై ఏళ్లలోపే.

3 నానోమీటర్ల చిప్ అంటే ట్రాన్సిస్టర్ సైజు 3 నానోమీటర్లా?

కాదు. ఈ ఒక్క ప్రశ్నకు తప్పు జవాబు చెప్పి ఇంటర్వ్యూల్లో దొరికిపోయినవాళ్లు చాలామంది. ఒకప్పుడు ఆ అంకె ట్రాన్సిస్టర్ గేటు (కరెంట్‌ను ఆపి, వదిలే భాగం) పొడవుకు దగ్గరగా ఉండేది. ఇప్పుడది తరం పేరు మాత్రమే, బైకు మోడల్ నంబర్ లాగ. 3 నానోమీటర్ల తరం చిప్‌లో కూడా ఒక గేటు నుంచి పక్క గేటుకు దూరం నలభై నానోమీటర్లకు పైనే ఉంటుంది.

అదెంత చిన్నదో అందాలంటే పోచంపల్లి మగ్గం దగ్గరికి రండి. పట్టుపురుగు తీసే ఒక్క పోగు మందం దాదాపు 10 మైక్రాన్లు, అంటే 10,000 నానోమీటర్లు. ఆ ఒక్క పోగు అడ్డం మీద రెండొందల గేట్లు పక్కపక్కన పట్టేస్తాయి.

మగ్గం దగ్గరే ఇంకో పోలిక కూడా దొరుకుతుంది. ఇక్కత్‌లో నేయకముందే నూలుకు రబ్బరు చుట్టి కట్టి రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగు ఎక్కదు. విప్పి, ఇంకో చోట కట్టి, ఇంకో రంగు. చిప్ తయారీలోనూ అంతే. సిలికాన్ పళ్లెం మీద ఫోటోరెసిస్ట్ అనే పూత పూసి, మాస్క్ మీది నమూనాను వెలుగుతో దాని మీద పడేస్తారు. పూత మిగిలిన చోటును రసాయనం ముట్టదు. కడిగి మళ్లీ పూత, మళ్లీ వెలుగు, ఇలా పదులసార్లు. ఇప్పటి అతి చిన్న గీతలకు వాడే ఈయూవీ వెలుగు తరంగదైర్ఘ్యం 13.5 నానోమీటర్లు. ఆ యంత్రాన్ని ప్రపంచంలో తయారుచేసి అమ్మేది నెదర్లాండ్స్‌లోని ఏఎస్ఎంఎల్ ఒక్కటే. చిప్పుల చుట్టూ దేశాల మధ్య ఇంత రాజకీయం నడవడానికి ఆ ఒక్క మాట చాలు.

ఏఐకి జీపీయూనే ఎందుకు? సీపీయూ కూడా లెక్కలే చేస్తది కదా?

చేస్తుంది, ఒకదాని తర్వాత ఒకటి చాలా తెలివిగా చేస్తుంది. ఏఐ మోడల్‌కు కావాల్సింది తెలివైన లెక్క కాదు, కోట్ల కొద్దీ ఒకే రకం గుణకారాలూ కూడికలూ. నాట్లు గుర్తు తెచ్చుకోండి. ఎంత పనిమంతుడైనా ఒక్కడే ఎకరం నాటేయాలంటే రోజులు పడుతుంది. నలభై మంది ఆడవాళ్లు వరసగా నిలబడి మడిలోకి దిగితే పొద్దెక్కేసరికి అయిపోతుంది, ఎందుకంటే ఒకరి నారు ఇంకొకరి కోసం ఆగదు. మ్యాట్రిక్స్ గుణకారం అలాంటి పనే. జీపీయూలో వేల సంఖ్యలో చిన్న కోర్లు (లెక్క చేసే భాగాలు) ఉండేది అందుకే.

2012లో అలెక్స్‌నెట్ అనే మోడల్ బొమ్మల్ని గుర్తుపట్టే పోటీలో మిగతావాటిని చాలా వెనక్కి నెట్టింది. దానికి శిక్షణ ఇచ్చింది ఆటల కోసం అమ్మే జీటీఎక్స్ 580 కార్డులు రెండింటి మీద, ఒక్కోదానికి 3 జీబీ మెమరీ. ఆ తర్వాత 2017లో ట్రాన్స్‌ఫార్మర్ అనే నిర్మాణం వచ్చాక పని ఇంకా ఎక్కువ భాగం పక్కపక్కన చేసేలా మారింది. ఈసీఈ పిల్లలకు ఒక హెచ్చరిక: ఈ ట్రాన్స్‌ఫార్మర్‌కీ మన కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్‌కీ ఏ సంబంధమూ లేదు. ప్రతి ఏడాదీ ఒకరు అడుగుతారు.

ఇంకో మాట. నలభై మంది దిగినా నారు కట్టలు టైమ్‌కి అందకపోతే అందరూ నిలబడే ఉంటారు. జీపీయూకి ఆ నారు మెమరీ నుంచి రావాలి. కోర్లు ఖాళీగా ఉండకుండా డేటా అందించడమే ఇప్పటి అసలు సమస్య. అందుకే మెమరీ చిప్పుల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి ప్రాసెసర్ పక్కనే పెడుతున్నారు. టాక్‌లో ‘హెచ్‌బీఎం’ అని వినిపిస్తే అది ఇదే.

‘ఎడ్జ్ ఏఐ’ అంటే ఏంది? క్లౌడ్ ఉండగా అదెందుకు?

మిర్యాలగూడ రైస్ మిల్లులో సార్టెక్స్ మిషన్ చూడండి, పుస్తకం అక్కర్లేదు. బియ్యం పలచటి తెరలా ఏటవాలు పట్టీ మీదుగా జారుతుంటాయి. అడుగున రెండు వైపులా కెమెరాలు. నల్ల గింజో, పసుపు గింజో, రాయో కనబడగానే సన్నటి గొట్టం నుంచి గాలి టక్‌మని కొట్టి ఆ ఒక్క గింజను పక్కకు తోసేస్తుంది. దగ్గర నిలబడితే వడగళ్లు పడ్డట్టు ఆగకుండా టకటక.

ఇప్పుడు లెక్క వేయండి. గింజ సెకనుకు 3 మీటర్ల వేగంతో పడుతోందనుకుందాం. ఒక మిల్లీసెకనులో 3 మిల్లీమీటర్లు పోతుంది, అంటే సగం గింజంత. ఫోటోను క్లౌడ్‌కి పంపి జవాబు తెప్పించుకోవడానికి 50 మిల్లీసెకన్లు పట్టిందా, గింజ 15 సెంటీమీటర్లు దాటిపోయి బస్తా దారి పట్టి ఉంటుంది. నెట్ ఆగిపోయిన రోజున మిల్లే ఆగాలి. అందుకే నిర్ణయం కెమెరా పక్కనే, ఆ పెట్టెలోనే జరగాలి. ఎడ్జ్ అంటే అంతే.

క్వాంటమ్ కంప్యూటర్ వస్తే మామూలు కంప్యూటర్లు మూలకేనా?

కాదు. అది కొన్ని రకాల లెక్కలకే పనికొస్తుంది. పెద్ద సంఖ్యను ప్రధాన కారణాంకాలుగా విడగొట్టడం వాటిలో ఒకటి, దానికి 1994లోనే పీటర్ షోర్ పద్ధతి కనిపెట్టాడు. మన ఆన్‌లైన్ లావాదేవీల తాళాల్లో కొన్ని ఆ లెక్క కష్టమనే నమ్మకం మీదే ఉన్నాయి కాబట్టి గొడవంతా. కొత్త తాళాలూ తయారవుతున్నాయి, అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీ 2024 ఆగస్టులో మూడు ప్రమాణాలు విడుదల చేసింది. మన దేశంలో 2023లో నేషనల్ క్వాంటమ్ మిషన్‌కి 6,003 కోట్లకు పైగా కేటాయించారు. అంతవరకు నిజం. “రెండేళ్లలో మీ ల్యాప్‌టాప్‌లో క్వాంటమ్” అని ఎవరైనా అంటే మాత్రం చాయ్ తాగడానికి బయటికి రావచ్చు. సూపర్ కండక్టింగ్ రకం క్యూబిట్ (క్వాంటమ్ కంప్యూటర్‌లో బిట్ లాంటిది) నిలవాలంటే పరమశూన్య ఉష్ణోగ్రతకు డిగ్రీలో వందో వంతు దూరంలో ఉంచాలి. ల్యాప్‌టాప్ మే నెలలో మన నల్లగొండలో ఉండాలి.

రిస్క్-ఫైవ్ అని అందరూ అంటున్నారు. అది ఒక చిప్పా?

చిప్ కాదు, చిప్‌కి అర్థమయ్యే సూచనల భాష. 2010లో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో మొదలైంది. ఆ భాష వాడుకోవడానికి ఎవరికీ లైసెన్స్ ఫీజు కట్టక్కర్లేదు. ఐఐటీ మద్రాస్ శక్తి ప్రాసెసర్లు, సీ-డాక్ వేగా ప్రాసెసర్లు దీని మీదే కట్టారు. చేత్తో పట్టుకొని చూడాలనుంటే ఈఎస్‌పీ32-సీ3 బోర్డు కొనండి, అందులో ఉన్నది రిస్క్-ఫైవ్ కోరే. కోఠిలో గుజరాతీ గల్లీకి పోయి అడిగితే దొరుకుతుంది.

ఏఐ వచ్చాక కోడింగ్ దండగ అన్నారు ఒకాయన. పోయినసారి వచ్చిన మేడమ్ తప్పదన్నారు. ఎవరి మాట వినాలి?

నా కళ్లముందు జరిగింది చెప్తాను. ఫైనల్ ఇయర్ బ్యాచ్ ఒకటి ఏఐతో ఈఎస్‌పీ32కి కోడ్ రాయించుకుంది. కంపైల్ అయింది, ఎర్రర్ లేదు, బోర్డులోకి ఎక్కింది. రిలే (కరెంట్‌తో పనిచేసే స్విచ్) మాత్రం పడదు. వైర్లు మార్చారు, రిలే మార్చారు, బోర్డే కాలిపోయిందని కొత్తది తెచ్చారు. పొద్దుటి నుంచి సాయంత్రం నాలుగు దాకా అదే టెన్షన్. కోడ్‌లో రిలేకి ఇచ్చిన పిన్ 34. ఆ చిప్‌లో 34 నుంచి 39 దాకా పిన్నులు ఇన్‌పుట్‌కే పనిచేస్తాయి, బయటికి ఏమీ ఇవ్వలేవు. చిప్ వివరాలన్నీ ఉండే డేటాషీట్‌లో ఒక్క లైనులో ఉంది ఆ మాట.

కోడ్ టైప్ చేసే శ్రమ తగ్గింది, దాన్ని కాదనలేం. తప్పు ఎక్కడుందో వెతికే పని మాత్రం మీ మెడకే చుట్టుకుంది. అది చేయాలంటే కోడూ రావాలి, డేటాషీట్ చదవడమూ రావాలి.

## టాక్ అయిపోయాక

చిప్ ఫ్యాక్టరీలన్నీ గుజరాత్‌లో పెడుతున్నారు. మనకేం ఒరిగేది?

2021 డిసెంబర్‌లో కేంద్రం 76,000 కోట్లతో సెమీకండక్టర్ పథకం ప్రకటించాక పెద్ద పెట్టుబడుల్లో ఎక్కువ అటే పోయిన మాట నిజమే. సాణంద్‌లో మైక్రాన్, ధొలేరాలో టాటా. అయితే ఫ్యాక్టరీ వేరు, డిజైన్ వేరు. డిజైన్ చేసేవాళ్లు మనకు వంద కిలోమీటర్ల దూరంలోనే ఉన్నారు. క్వాల్‌కామ్, ఏఎండీ, మైక్రాన్ మూడింటికీ హైదరాబాద్‌లో పెద్ద ఆఫీసులున్నాయి. అక్కడ ఎక్కువ మందిని తీసుకునేది వెరిఫికేషన్‌లో, అంటే రాసిన డిజైన్ తప్పుల్లేకుండా ఉందా అని పరీక్షించే పనిలో. దానికి డిజిటల్ ఎలక్ట్రానిక్స్ గట్టిగా రావాలి, చిప్ డిజైన్ రాసే భాష వెరిలాగ్ రావాలి, ఆ తర్వాత సిస్టమ్ వెరిలాగ్. ఫ్రెషర్‌గా నేరుగా దొరకడం కష్టం, దాచను. మా దగ్గర్నుంచి వెళ్లినవాళ్లలో ఎక్కువమంది ఎంటెక్ చేశాకో, చిన్న సర్వీస్ కంపెనీలో రెండేళ్లు చేశాకో వెళ్లారు.

ఆయన చూపించిన సాఫ్ట్‌వేర్ లక్షల్లో ఉంటదంట. మా ల్యాబ్‌లో లేదు. ఎట్లా నేర్చుకోవాలి?

ఉచితంగా దొరికేవాటితో మొదలుపెట్టండి. వెరిలాగ్ నడపడానికి ఐకారస్, తరంగాలు చూడటానికి జీటీకేవేవ్, సర్క్యూట్‌కి ఎన్‌జీస్పైస్, బోర్డు గీయడానికి కైక్యాడ్. ఐఐటీ బాంబే వాళ్ల ఈసిమ్‌లో సర్క్యూట్ గీయడం, నడపడం ఒకేచోట ఉంటాయి. లినక్స్ వేసుకుంటే 4 జీబీ ర్యామ్ ఉన్న పాత కంప్యూటర్ మీద కూడా చిన్న డిజైన్లు హాయిగా నడుస్తాయి. ఏఐ ప్రయోగాలకు గూగుల్ కొలాబ్‌లో కొంతసేపు జీపీయూ ఉచితంగా ఇస్తారు, సెషన్ మధ్యలో పోతే పోతుంది, కాబట్టి ఫైలు సేవ్ చేస్తూ ఉండండి.

టాక్ విని ప్రాజెక్ట్ చేయాలనుంది. ఏ టాపిక్ తీసుకోవాలి?

‘స్మార్ట్ డస్ట్‌బిన్’ దయచేసి వద్దు. మీ ఊళ్లో ఇప్పటికే విసిగిస్తున్న పని ఏదో చూడండి. బోరులో నీళ్లు అయిపోయాక మోటార్ ఉత్తగా తిరగడం, బత్తాయి తోటలో డ్రిప్ లైన్‌లో ఎక్కడ అడ్డం పడిందో తెలియకపోవడం, పాల సెంటర్‌లో కొలత మీద తగువులు. పొలానికీ ఇంటికీ మధ్య కిలోమీటర్ దూరముంటే వైఫై అందదు. అప్పుడు తక్కువ కరెంట్‌తో దూరం పోయే రేడియో లోరా చూడండి, మన దేశంలో 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ దాకా లైసెన్స్ లేకుండా వాడుకోవచ్చు. కొనేటప్పుడు మాడ్యూల్ ఆ బ్యాండ్‌దేనా అని చూసుకోండి, 433 మెగాహెర్ట్జ్ రకం అంటగడతారు.

తయారుచేసేవాళ్లు పెద్ద చదువులే చదివి ఉండాలని లేదు. ఆలేరు చేనేత కుటుంబం నుంచి వచ్చిన చింతకింది మల్లేశం, అమ్మ రోజంతా చేయి తిప్పుతూ ఆసు పోసే (నేతకు ముందు నూలు చుట్టే) బాధ చూడలేక లక్ష్మీ ఆసు యంత్రం చేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయన బడి చదువు మధ్యలోనే ఆగింది.

టాక్ ఇచ్చినాయన కోర్సులో చేరమన్నారు, సర్టిఫికెట్ ఇస్తారంట. కట్టొచ్చా?

ఆ రోజే కట్టకండి. ఒకసారి మా హాల్లోనే ఒకాయన ఇరవై నిమిషాలు చెప్పి, మిగతా నలభై నిమిషాలు తన కోర్సు అమ్ముకున్నారు. ‘ఈ రోజుకే డిస్కౌంట్’ అన్నారు. అరవై మందికి పైగా తలా రెండు వేలు కట్టారు. వచ్చినవి పాత రికార్డింగులు, ఆఖర్న ఒక రంగుల సర్టిఫికెట్. ముందే కనుక్కోకుండా పిలిచిన తప్పు నాది. అప్పటి నుంచి స్టేజీ మీద ఏదీ అమ్మకూడదని పిలిచేటప్పుడే చెప్తున్నాను.

ఆయన నంబర్ ఇస్తారా సార్?

ఇవ్వం. అనుమతిస్తే మెయిల్ ఇస్తాం. ‘రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ ఇంట్రెస్టెడ్’ అని రెండు ముక్కలు రాస్తే జవాబు రాదు. మీరు ఏం ప్రయత్నించారు, ఎక్కడ ఆగింది, ఏం అడగదలిచారు, ఇవి ఆరు వాక్యాల్లో రాయండి. నూట యాభై మంది విన్న టాక్ తర్వాత అలా రాసేది ఇద్దరో ముగ్గురో. వాళ్లకు దాదాపు ఎప్పుడూ జవాబు వచ్చింది.

పార్టిసిపేషన్ సర్టిఫికెట్ రెజ్యూమేలో పెట్టొచ్చా?

పెట్టకండి. కూర్చున్నందుకు ఇచ్చింది అది.

## నిర్వహించే తోటి లెక్చరర్లకు

ఎక్స్‌పర్ట్ ఎక్కడ దొరుకుతారు? మాది మారుమూల కాలేజీ.

ముందు మీ పాత విద్యార్థుల్ని అడగండి. అయిదారేళ్లు పనిచేసినవాళ్లు పెద్దపెద్ద హోదాలవాళ్ల కంటే బాగా చెప్తారు, వాళ్లకు ఇంకా చేతులు మురికవుతున్నాయి కాబట్టి. తర్వాత ఇంజినీర్ల సంఘాలైన ఐఈటీఈ, ఐఈఈఈ హైదరాబాద్ శాఖలు. ప్రభుత్వ ల్యాబుల్లో ఉన్నవాళ్లకు పైనుంచి అనుమతి కావాలి, కనీసం నెల ముందు లెటర్ పెట్టండి. రిటైరైనవాళ్లకు ఆ ఇబ్బంది లేదు.

హైదరాబాద్ వైపే చూడకండి. దామరచర్ల దగ్గర 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రంలో, జూరాల జలవిద్యుత్ కేంద్రంలో కంట్రోల్ రూమ్ నడిపే ఇంజినీర్లు ఉన్నారు. సెల్ టవర్లు చూసుకునేవాళ్లు ప్రతి మండలంలో ఉన్నారు. మా దగ్గర పిల్లలు ఇప్పటికీ తలచుకునే టాక్ ఒక రైస్ మిల్లు మెకానిక్‌ది. డిగ్రీ లేదని ఆయన్ని పిలవడానికి ఆఫీసులో మొదట ఒప్పుకోలేదు. ‘ప్రాక్టికల్ డెమో’ అని ఫైలులో పేరు మార్చి పిలిచాం.

తేదీ ఎప్పుడు పెడితే మంచిది?

సంక్రాంతికి ముందు నాలుగు రోజులు వద్దు. చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్ గేటు కాడ బారులు తీరిన కార్లలో మీ అతిథి కూడా ఉంటారు. మహబూబ్‌నగర్ వైపు ఆ బాధ తక్కువ, కాచిగూడ నుంచి రైలూ ఉంది. బతుకమ్మ, దసరా సెలవుల ముందురోజు హాస్టల్ ఖాళీ అవుతుంది. మార్చి దాటితే పొద్దున పదింటికే మొదలుపెట్టండి, మధ్యాహ్నం రేకుల హాల్లో ఎంతటి టాపికైనా నిద్రే.

ఆన్‌లైన్‌లో పెడితే ఖర్చు తప్పుతుంది కదా?

తప్పుతుంది, టాక్ కూడా తప్పుతుంది. దూరదేశంలో ఉన్న మనిషైతే తప్ప వద్దు.

శాలువా, మెమెంటో, ఫోటోలకే అరగంట పోతోంది. ఏం చేయాలి?

కాలేజీలకు గ్రేడ్ ఇచ్చే నాక్ ఫైలుకు జియోట్యాగ్ (తీసిన చోటు నమోదయ్యే) ఫోటోలు కావాలి, తప్పదు. అవన్నీ చివర్లో పెట్టండి. మొదట పరిచయం రెండు నిమిషాలు. పెద్దలు మాట్లాడాలంటే వారికీ చివర్లోనే మైక్. గౌరవ వేతనం, ప్రయాణ ఖర్చు ఎంతో పిలిచేటప్పుడే చెప్పి, వెళ్లేలోపు చేతికివ్వండి. శాలువా కప్పి, డబ్బుకు మూడు నెలలు తిప్పితే ఆ మనిషి మళ్లీ రారు.

ముందు రోజు సాయంత్రం ప్రొజెక్టర్‌ని ఒక కొత్త ల్యాప్‌టాప్‌తో కలిపి చూడండి. మన ప్రొజెక్టర్లు చాలావాటికి ఇంకా వీజీఏ పిన్నే, వచ్చేవాళ్ల ల్యాప్‌టాప్‌లో టైప్-సీ తప్ప ఏమీ ఉండదు. రెండు రకాల కనెక్టర్లు, మైకుకు కొత్త సెల్స్ బీరువాలో ఉంచండి.

ఆయన పొద్దున్నే ఫోన్ చేసి రాలేనంటే? పిల్లలంతా హాల్లో కూర్చున్నారు.

వెనక్కి పంపకండి. నాకు ఒకసారి ఇలాగే అయింది. పొద్దున ఎనిమిదింటికి ఫోన్, ఇంట్లో ఎవరికో బాగాలేదట. ల్యాబ్ నుంచి పాడైన ఫోన్ చార్జర్ ఒకటి తెచ్చి, హాల్లో స్క్రూ డ్రైవర్‌తో పగలదీసి, వెబ్‌క్యామ్ కింద పెట్టి తెర మీద చూపించాం. ఫ్యూజ్ ఏది, డయోడ్ బ్రిడ్జి ఏది, ఇంత చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఎలా సరిపోతోంది అని ఒక్కొక్కరినీ లేపి అడిగాం. సెకండ్ ఇయర్ అమ్మాయి లేచి, “మధ్యలో బోర్డుకు పొడుగ్గా చీలిక కోశారు సార్, విరిగిందా, కావాలనే కోశారా?” అంది. కావాలనే. ఒకవైపు 230 వోల్టులు, ఇంకోవైపు చేత్తో పట్టుకునే 5 వోల్టులు. దుమ్మూ తేమా పేరుకున్నా బోర్డు ఉపరితలం మీదుగా కరెంట్ ఇటు పాకకుండా మధ్యలో కాలువ తీసినట్టు కోస్తారు. ఆ చీలిక లేని చవక చార్జర్ ఒకటి వెనక వరసలో ఎవరి బ్యాగులోనో దొరికింది. దాన్నీ విప్పాం.